వంద మంది మనుషులు, పద్నాలుగు భంగిమలు: మోడల్ రైల్వే బొమ్మల పెట్టెపై సమీక్ష

మోడల్ రైల్వే లేఅవుట్‌ల మీద, అంటే పలక మీద కట్టుకున్న చిన్న రైలు మార్గాల మీద, నిలబెట్టడానికి దొరికే చిన్న మనుషుల బొమ్మలు రెండు రకాలు. మొదటి రకంలో ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క భంగిమలో మలచి, శ్రద్ధగా రంగులు వేసి, ఐదారింటిని ఒక చిన్న పెట్టెలో పేర్చి అమ్ముతారు. జర్మనీకి చెందిన ప్రైజర్ సంస్థ ఈ పనికి దశాబ్దాలుగా పేరు పొందింది. రెండవ రకంలో వందేసి బొమ్మలను ఒక సంచిలో పోసి, ఆ సంచిని పెట్టెలో పెట్టి పంపుతారు. నేను సమీక్షిస్తున్నది ఈ రెండవ రకం పెట్టెను. దాని మీద తయారీదారు పేరు లేదు. హెచ్‌ఓ అనే ప్రామాణిక స్కేలుకు చెందినవి అనీ, రంగులు వేసినవి అనీ, మొత్తం 100 అనీ మూడు హామీలు మాత్రం ఉన్నాయి. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదని తేలడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అయినప్పటికీ ఆరు నెలలుగా నా లేఅవుట్‌కు ఈ పెట్టె చేసినంత మేలు అంతకంటే ఎంతో ఖరీదైన ఇంజన్లు కూడా చేయలేదు కనుక, ఆ మేలు ఏ దారిన జరిగిందో కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ముందుగా లెక్క. సంచి విప్పి వరుసలుగా పేర్చితే 98 మంది తేలారు. అమ్మకందారుకు ఆ సంగతి రాయగా, మరొకసారి లెక్కించి చూడవలసిందిగా మర్యాదగా జవాబు వచ్చింది. మరొకసారి లెక్కిస్తే 97 మంది వచ్చారు. తప్పిపోయిన ఆ ఒక్కరూ బల్ల కింద, నా చెప్పు అడుగున దొరికినందువల్ల నేను ఆ ఉత్తర ప్రత్యుత్తరాలను అంతటితో విరమించుకున్నాను.

తరువాత కొలత. హెచ్‌ఓ స్కేలు నిష్పత్తి 1:87 కనుక, 174 సెంటీమీటర్ల మనిషి ఆ స్కేలులో సరిగ్గా 20 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ పెట్టెలోని పెద్దవాళ్లలో ఎక్కువమంది 17 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్నారు. అది 1:100 నిష్పత్తికి దగ్గరి కొలత. కట్టడాల నమూనాలు చేసే వాస్తుశిల్పులు ఎక్కువగా వాడే నిష్పత్తి అది. చేతిలో పట్టుకొని చూస్తే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు గానీ, 87తో గుణిస్తే అది ఇంచుమించు జానెడు అవుతుంది. అంటే మంచి సంస్థ తయారుచేసిన స్టేషన్ మాస్టర్ బొమ్మ పక్కన వీరిని నిలబెట్టినప్పుడు, ఊరు ఊరంతా ఆయన కంటే జానెడు పొట్టిగా కనబడుతుంది. దీనికి మామూలుగా చెప్పే విరుగుడు ఒకటుంది: వీరిని లేఅవుట్‌కు వెనక భాగంలో, చూసేవారికి దూరంగా ఉంచితే ఆ పొట్టితనమే దూరాన్ని సూచించే కనికట్టుగా పనిచేస్తుంది. నేను కొందరిని అలాగే ఉంచాను. మిగిలినవారి విషయంలో, ఆ స్టేషన్ మాస్టర్ ఉద్యోగానికి ఎంపిక కావడానికి ఆయన ఎత్తు తప్ప వేరే అర్హత ఏదీ లేదనీ, సిగ్నల్ దీపాన్ని నిచ్చెన లేకుండా అందుకోగలిగిన ఏకైక వ్యక్తి ఆయనేననీ ఊరి చరిత్రలో రాసుకున్నాను. ఆ వాక్యం రాసిన రోజునుంచే నాకు ఈ పెట్టె మీద కోపం తగ్గడం మొదలైంది.

కట్టుకథల అవసరం నా లేఅవుట్‌కు మొదటినుంచీ ఉంది. అది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఒక పలక. దాని మీద గుండ్రంగా తిరిగివచ్చే ఒకే ట్రాకు, ముందువైపు నిదానపల్లి స్టేషను, వెనకవైపు తొందరపాడు స్టేషను, నడుమ ఒక కొండ. ఆ రెండు స్టేషన్ల మధ్య ఎడం పలక మీద 90 సెంటీమీటర్లు. దానిని అసలు కొలతలోకి మారిస్తే 80 మీటర్లకు లోపే ఉంటుంది. రైలు మాత్రం చుట్టూ తిరిగి సుమారు 250 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆరు బోగీల బండి ఇంజనుతో కలిపి 180 సెంటీమీటర్ల పొడవు ఉండడం వల్ల, ఇంజను తొందరపాడు ప్లాట్‌ఫాం అంచును తాకే సమయానికి చివరి బోగీ నిదానపల్లి ప్లాట్‌ఫాంను ఇంకా విడిచి ఉండదు. వెనక బోగీలో ఎక్కి రైలు లోపలే ముందుకు నడిచినవాడు, రైలు కదిలినా కదలకపోయినా గమ్యం చేరగలడు. ఇంటి గదిలో రైల్వే కట్టుకున్న ప్రతివారికీ ఇటువంటి ఇబ్బంది ఏదో ఒక రూపంలో ఉంటుంది, ఎందుకంటే ఒక కిలోమీటరు దూరాన్ని ఉన్నదున్నట్లుగా చూపాలంటే ఈ స్కేలులో పదకొండున్నర మీటర్ల గది కావాలి.

సాధారణంగా దీనిని ఎవరూ ప్రస్తావించరు, చూసేవారు కూడా మర్యాదగా ఊరుకుంటారు. నేను మాత్రం రెండు ఊళ్ల వారికి మూడు తరాలుగా మాటలు లేవనీ, అవతలి ఊరిలో కాలు పెట్టనని ఇరుపక్షాల పెద్దలూ ఒట్టు వేసుకున్నారనీ, రైలు దిగడం కాలు పెట్టడం కిందికి వస్తుందా రాదా అన్న వివాదం ఇంకా తేలనందువల్లనే అందరూ రైలులో వెళ్లి, దిగకుండా, అదే రైలులో తిరిగి వస్తున్నారనీ నిర్ణయించాను. దానితో ప్లాట్‌ఫాం మీద జనం, బోగీల కిటికీలలో జనం, తొందరపాడు వీధుల్లో మాత్రం ఒక్క పరాయి మనిషి కూడా లేకపోవడం, అన్నీ ఒక్క దెబ్బకు కుదిరాయి. వంపుల సంగతి కూడా ఇంతే. నా వంపుల వ్యాసార్ధం 18 అంగుళాలు, అసలు కొలతలో సుమారు 40 మీటర్లు. నిజమైన ప్రధాన మార్గాలలో వ్యాసార్ధం వందల మీటర్లలో ఉంటుంది కనుక, నా పొడవాటి బోగీలు మలుపు తిరిగేటప్పుడు వాటి మూలలు పట్టాలు దాటి బయటికి పొడుచుకు వస్తాయి. సర్వే చేసిన అధికారి పటం మీద సిరాబుడ్డి పెట్టగా దాని అడుగు గుండ్రటి మరకగా పడిందనీ, కాంట్రాక్టరు దానినే మార్గరేఖగా భావించి శ్రద్ధగా పట్టాలు వేశాడనీ ఊరివారు చెప్పుకుంటారు. అధికారి ఆ సంగతిని ఒప్పుకోలేదు, అది మరక కాదనీ, తాను కావాలని వేసిన గీతేననీ సంతకం చేశాడు.

ఇక ఈ పెట్టెలోని అసలు విశేషానికి వస్తాను. 98 మందిలో ఉన్నవి 14 భంగిమలు మాత్రమే. నడుము మీద చేతులు పెట్టుకున్న స్త్రీ తొమ్మిది మంది ఉంది. చెయ్యి ఎత్తి ఎవరినో పిలుస్తున్న యువకుడు ఎనిమిది మంది ఉన్నాడు. బ్రీఫ్‌కేసు పట్టుకొని ఎడమ కాలు ముందుకు వేసిన పురుషుడు పదకొండు మంది ఉన్నాడు. వాక్యంలో ఏకవచనమూ బహువచనమూ కలహించుకుంటున్నాయని నాకు తెలుసు, కానీ పెట్టెలోని పరిస్థితి అదే. ఇటువంటి పునరుక్తిని దాచడానికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయాలు ఉన్నాయి. ఒకే భంగిమ గలవారిని పలక నలుమూలలకూ చెదరగొట్టడం, చొక్కాల రంగు మార్చడం, పదునైన బ్లేడుతో భుజం దగ్గర కోసి చేతిని మరో కోణంలో అతికించడం వంటివి. తొమ్మిది మంది స్త్రీలకు నేను ఇవన్నీ చేశాను, మంచి ఫలితమే వచ్చింది. బ్రీఫ్‌కేసు మనుషులను మాత్రం చెదరగొట్టకుండా, పదకొండు మందినీ నిదానపల్లి ప్లాట్‌ఫాం మీద ఒకే వరుసలో నిలబెట్టాను.

వారంతా విచారణాధికారులు. అసలు కారణం ఏమిటంటే, నిదానపల్లి దాటగానే ఉన్న పాయింటు, అంటే ఒక దారి రెండుగా చీలే చోట వేసే పట్టాల ముక్క, నడిమి భాగం ప్లాస్టిక్. తక్కువ చక్రాలున్న నా పాత ఇంజను నెమ్మదిగా దాని మీదికి వచ్చినప్పుడు చక్రాలకు కరెంటు అందక ఆగిపోయేది. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని స్కేలుకు తగ్గించి లెక్కిస్తే రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం 22 సెకన్లు. ఆ 22 సెకన్ల ప్రయాణంలో బండి నలభై నిమిషాలు ఆలస్యం కావడమూ, చివరికి ఆకాశం నుంచి ఇంజను కంటే పెద్దదైన ఒక చూపుడువేలు దిగి దానిని ముందుకు నెట్టడమూ స్టేషను దినచర్య పుస్తకంలో నమోదయ్యాయి. దానిపై విచారణకు మొదటి అధికారి వచ్చాడు. మొదటి అధికారి నివేదిక ఎందుకు అందలేదో కనుక్కోవడానికి రెండవవాడు వచ్చాడు. 250 మీటర్ల ప్రయాణానికి రెండవవాడు పెట్టిన భత్యం బిల్లును పరిశీలించడానికి మూడవవాడు, ఆ పరిశీలనాధికారం మూడవవాడికి ఉందా లేదా తేల్చడానికి నాలుగవవాడు వచ్చారు. ఐదవవాడినీ ఆరవవాడినీ రెండు వేర్వేరు శాఖలు ఒకే ఉత్తర్వుతో పంపాయి. అవతలివాడు ముందు వెనక్కి వెళితే తప్ప తాను కదలనని ఇద్దరూ పట్టుబట్టి ఉన్నారు. ఏడవవాడు అధికారి కాడు. బ్రీఫ్‌కేసుతో రైలు కోసం నిలబడిన మామూలు ప్రయాణికుడు. ఆ మాట ఎవరూ నమ్మకపోవడంతో కొంతకాలానికి అతడే నివేదికలు రాయడం నేర్చుకున్నాడు, ఇప్పుడు అందరికంటే అతని నివేదికలే బాగుంటాయని పేరు. ఎనిమిది, తొమ్మిది, పది సంఖ్యల వారు మొత్తం విచారణాధికారులు ఎందరో లెక్కించడానికి ఏర్పడిన సంఘం. ఏటి ఒడ్డున తమను తాము లెక్కలో కలుపుకోవడం మరచిన శిష్యుల కథ తెలిసినవారికి ఆ సంఘం పని ఎంతవరకు వచ్చిందో విడిగా చెప్పనక్కరలేదు.

పదకొండవవాడి విషయంలో పెట్టె నాణ్యతే కథను రాసిపెట్టింది. అతనికి తల వెనక జుట్టు రంగు ఉంది గానీ ముఖానికి రంగే లేదు, తెల్లటి ప్లాస్టిక్ అలాగే ఉంది. అతడిని గోడవైపు తిప్పి అతికించాను. గత విచారణలో ఏదో జరిగినందువల్ల అతనికి పైవారి ఎదుట ముఖం చెల్లడం లేదు.

రంగుల గురించి ఇంకొంచెం చెప్పాలి. బొమ్మలకు ముందువైపు రంగు ఫర్వాలేదు. పక్కల అచ్చు కలిసిన గీత స్పష్టంగా కనబడుతుంది, దానిని బ్లేడు అంచుతో గీకివేయవలసి ఉంటుంది. రంగు మరీ నిగనిగలాడుతున్నందువల్ల మెరుపు తగ్గించే మాట్ వార్నిష్ పూత ఒకటి తప్పనిసరి. ఆ పూత వేయకముందు ఊరంతా వానలో తడిసి నిలబడినట్లుంది. కొన్ని బొమ్మలకు బూట్ల నల్లరంగు మోకాలి దాకా పాకింది. అటువంటివారిని నలుగురిని ఏరి, కాలువ దాటి గట్టెక్కినట్లుగా కాలువ ఒడ్డున ఉంచి, వంతెన పది అడుగుల దూరంలోనే ఉన్నా వారు దానిని వాడకపోవడానికి కారణం ఆ వంతెన తొందరపాడు వారి డబ్బుతో కట్టినది కావడమేనని తేల్చాను. నేను కథ కల్పించని లోపం ఒక్కటే: రెండు నెలలలో కొందరి చేతుల మీది రంగు పెచ్చులుగా రాలిపోయింది. కడగని ప్లాస్టిక్ మీద నూనె జిడ్డు మిగిలి ఉండగానే రంగు వేస్తే ఇలా జరుగుతుంది. కొన్నవారు ముందే సబ్బు నీటిలో కడిగితే, ఉన్న రంగుకు రక్షణ ఉండదు గానీ, పైన వేసుకునే రంగు అయినా నిలబడుతుంది.

ఊరికి హాస్య చరిత్ర కల్పించడం నాకు తోచిన కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో ఫ్రాంక్ ఎలిసన్ 1940లలోనే మోడల్ రైల్వేను నాటకరంగంతో పోల్చి, రైళ్లు పాత్రధారులైతే దృశ్యాలు రంగాలంకరణ అని వివరించాడు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ కట్టిన ప్రసిద్ధ లేఅవుట్ పేరు గోరీ అండ్ డిఫీటెడ్ (Gorre & Daphetid). ఆ పేరును పైకి చదివితే నెత్తురోడి ఓడిపోయినది అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు వినిపిస్తాయి. అక్కడ షంటింగ్ ఇంజనుకు బదులుగా వ్యాగన్లను లాగడానికి ఎమ్మా అనే పేరుతో ఒక స్టెగోసారస్ రాక్షసబల్లి బొమ్మ ఉండేది. లోకంలో అంతటి చలోక్తి మరొకటి ఉండి ఉండదు, కానీ ఆ లేఅవుట్‌లో రాతికొండలు, వంతెనలు, పాతబడిన చెక్క కట్టడాలు ఎంత నిజమనిపించేలా ఉండేవంటే, ఆ బల్లి కూడా రైల్వే ఉద్యోగే అనిపించేది. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ లేఅవుట్ చాలావరకు కాలిపోయింది, ఇప్పుడు ఎక్కువగా ఫొటోలే మిగిలాయి. ఇంగ్లాండులో జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ మాత్రం పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రైల్వేల ఇంజన్ల నమూనాలను ఆయన ఒక కల్పిత లోయలో కలిపి నడిపాడు. లోయకు ఊళ్లూ, రేవూ, చరిత్రా ఉన్నందువల్ల ఆ ఇంజన్లన్నీ అక్కడే పుట్టినట్లు కనబడతాయి. ఈ ఇద్దరి పనిలో నాకు కనబడిన సమానాంశం ఏమిటంటే, అబద్ధం పెద్దది ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నదంతా కఠినమైన నిజం. పలక మీద ప్రతి అడుగుకూ ఒక చమత్కారం పెట్టినవారి లేఅవుట్‌లు మొదటి ఐదు నిమిషాలూ నవ్విస్తాయి, ఆరవ నిమిషానికి చూసేవాడు రైలు ఎక్కడ అని వెతుక్కుంటాడు.

అరిగిపోయిన చమత్కారాలు కూడా ఈ రంగంలో కొన్ని ఉన్నాయి. వంతెన మీద ఆగిన బస్సు, ప్రార్థనామందిరం ముందు పెళ్లి జంట, మంటల్లో ఉన్న పన్ను కార్యాలయం వంటివి ఎన్నో లేఅవుట్‌లలో కనబడతాయి. చివరిదానిని ఫోల్మర్ అనే జర్మన్ సంస్థ ఏకంగా కిట్టుగానే విక్రయించింది. వీటిలో తప్పేమీ లేదు, కానీ ఇవి ఆ లేఅవుట్‌కు మాత్రమే చెందిన కథలు కావు, ఎక్కడైనా ఇమిడిపోతాయి. నా పదకొండు మంది మరో లేఅవుట్‌కు వెళితే వారికి అర్థమే ఉండదు. వారిని నిలబెట్టింది అక్కడి పాయింటు లోపమూ, ఆ 22 సెకన్లూను.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. కథ బాగా కుదిరినకొద్దీ లోపాన్ని సరిచేయాలన్న పట్టుదల సడలుతుంది. పాయింటు సంగతిలో నేను నాలుగు నెలలు అదే చేశాను. ఇంజను ఆగినప్పుడల్లా చూడవచ్చినవారికి విచారణాధికారుల కథ చెప్పి నవ్వించి, వేలితో నెట్టేవాడిని. చివరికి ఒక చిన్న పాప కథ మొత్తం విని, మరి దాన్ని బాగుచేయవచ్చు కదా అని అడిగింది. లోహపు నడిమి భాగం ఉన్న పాయింటును తెచ్చి, దానికి కరెంటు తీగ కలిపి, ఇంజను చక్రాలు తుడిచేసరికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఇప్పుడు బండి ఆగడం లేదు. విచారణ మాత్రం కొనసాగుతోంది. బండి సమయానికి నడవడానికి బాధ్యులెవరో తేల్చవలసిందిగా కొత్త ఉత్తర్వు వచ్చింది.

పెట్టె కొనేవారికి పనికొచ్చే సంగతులు మరికొన్ని. బొమ్మల కాళ్ల కింద ఉన్న గుండ్రటి దిమ్మె మరీ మందంగా ఉంది. అలాగే అతికిస్తే ప్రతివారూ చిన్న వేదిక మీద నిలబడి ప్రసంగించబోతున్నట్లు కనిపిస్తారు. దానిని కోసివేసి, ఒక కాలి మడమలో సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసి, అర మిల్లీమీటరు తీగ గుచ్చి, ప్లాట్‌ఫాంలో గుచ్చితే బొమ్మ పడిపోదు, అవసరమైనప్పుడు చోటు మార్చవచ్చు. కథలు మారుతూ ఉండే లేఅవుట్‌కు ఈ పద్ధతి శాశ్వతమైన జిగురు కంటే మేలు. కూర్చున్న భంగిమ ఒక్కటే ఉంది, ఆ కాళ్లు బోగీ సీట్ల మధ్య ఇమడవు. మోకాళ్ల దగ్గర కోసి పెడితే కిటికీ బయటినుంచి చూసేవారికి తెలియదు. పిల్లల బొమ్మలు ఒక్కటీ లేవు. పిల్లలు లేని ఊరికి కారణం చెప్పే కథ ఏదీ నాకు నవ్వు తెప్పించలేదు, అందువల్ల మంచి సంస్థ తయారుచేసిన పిల్లల బొమ్మలు ఆరింటిని వేరుగా తెప్పించి బడి ముందు ఉంచాను. ముందు వరుసలో, చూసేవారి కంటికి జానెడు దూరంలో నిలబడే వ్యక్తులకు కూడా ఖరీదైన బొమ్మలనే ఎంచుకోవాలి. ఈ పెట్టెలోని ముఖాలు అంత దగ్గరి చూపును తట్టుకోలేవు.

ఎవరికి ఇది తగదు అంటే, ఒక నిర్దిష్ట సంవత్సరంలో ఒక నిర్దిష్ట స్టేషను ఎలా ఉండేదో ఉన్నదున్నట్లు చూపదలచినవారికి తగదు. వీరి దుస్తులు ఏ కాలానికీ చెందవు, కొలత ఏ స్కేలుకూ నమ్మకంగా చెందదు. కల్పిత ఊరు కట్టుకున్నవారికి, అందులోనూ తక్కువ ఖర్చుతో జనసందోహం కావలసినవారికి, ఐదింటికి మూడు నక్షత్రాలు ఇవ్వదగిన వస్తువు. ఒక నక్షత్రం రాలిపోయిన రంగుకు తగ్గించాను, మరొకటి రాని ఇద్దరికి. ఆ ఇద్దరి పేర్లను స్టేషను దినచర్య పుస్తకంలో, సెలవు మంజూరు కాకుండానే వెళ్లిపోయినవారి జాబితాలో చేర్చాను.

తొందరపాడు బజారు ఇంకా బోసిగా ఉన్నందున ఇదే పెట్టె మరొకటి తెప్పించాను. నిన్న సాయంత్రం విప్పితే బ్రీఫ్‌కేసు మనుషులు ఈసారి పదమూడు మంది తేలారు. వారిని వెనకవైపు ప్లాట్‌ఫాం మీద, కొండకు అవతల, మొదటి పదకొండు మందికి కనబడకుండా ఉంచాను. ఎదురుగా ఉన్నవారిని విచారించడానికే వారిని పంపారు. రైలు దిగకూడదన్న ఒట్టు తమకూ వర్తిస్తుందా అన్న సందేహంతో పైవారికి రాసి, జవాబు కోసం నిలబడి ఉన్నారు.